50 మీటర్ల ప్రోన్‌కి ఏ స్లింగ్ కొనాలి, ఎక్కడ కట్టాలి?

ఎయిర్ రైఫిల్ నుంచి పాయింట్ టూ టూ (.22) ప్రోన్‌కి, అంటే బోర్లా పడుకుని కాల్చే పోటీకి మారానని, పది షాట్లు కాకముందే ఎడమచెయ్యి తిమ్మిరెక్కుతోందని, మంచి స్లింగ్ (జబ్బకీ రైఫిల్‌కీ కట్టే పట్టీ) కొంటే తగ్గుతుందా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. ముందు ఉన్నదాన్ని ఎలా కట్టుకుంటున్నారో చూసుకోండి.

నేనూ ఇదే దారిలో వచ్చాను. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నిలబడి కాలుస్తాం, అందులో స్లింగ్‌కి అనుమతే లేదు. అందుకే ఇది మనకి కొత్త వస్తువు. మొదటి రెండు నెలలూ బరువంతా చేత్తోనే మోశాను, స్లింగ్ పేరుకే ఉండేది. తెలుసుకోవడం తేలికే. బోల్ట్ తెరిచి, చాంబర్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (గుండు లేదని చూపే గుర్తు) పెట్టి, పొజిషన్‌లో పడుకోండి. ఎడమచేతి వేళ్లు పూర్తిగా వదులు చేయండి. రైఫిల్ మూతి కిందికి దిగితే మీ కండరాలే మోస్తున్నాయని అర్థం.

అసలు తికమక ఎక్కడంటే, స్లింగ్‌లో బిగువులు రెండు. జబ్బ చుట్టూ తిరిగే పట్టీ బిగువు ఒకటి, అక్కడి నుంచి హ్యాండ్ స్టాప్ (ఎడమచెయ్యి ముందుకి జారకుండా రైఫిల్ కింద ఉండే ఆపు) దాకా వెళ్లే పొడవు ఇంకొకటి. రైఫిల్‌ని మోసేది రెండోది. నేను మొదటిది బిగిస్తూ పోయేవాణ్ణి, చెయ్యి మొద్దుబారేది. మీదీ అదే అయ్యుండొచ్చు. జబ్బ పట్టీ జారకుండా ఉంటే చాలు. దాన్ని పైన పట్టి ఉంచడానికే జాకెట్ చేతికి హుక్ ఉంటుంది. నేనొకసారి పోటీలో ఆ హుక్ పెట్టుకోవడం మర్చిపోయాను. ఇరవై షాట్లయ్యేసరికి పట్టీ మోచేతి వైపు దిగిపోయి, గ్రూప్ (గుళ్లు పడ్డ గుంపు) మొత్తం కిందికి జారింది. నేనేమో సైట్ తిప్పుకుంటూ కూర్చున్నాను!

పట్టీని జబ్బకి బాగా పైన కట్టండి, లాగుడు బయటి వైపు నుంచి రావాలి. లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది. పట్టీ దాన్ని నొక్కితే, నాడి కొట్టుకున్నప్పుడల్లా ఫోర్‌సైట్ (ముందు సైట్) రింగ్‌లో టార్గెట్ నల్లచుక్క ఎగరడం కనిపిస్తుంది. 50 మీటర్ల టార్గెట్‌లో పది రింగ్ వ్యాసం 10.4 మి.మీ. మాత్రమే, ఆ ఎగురుడు చాలు తొమ్మిదిలోకి పోవడానికి.

స్లింగ్ రెండో కొస ఫోర్ ఎండ్ (రైఫిల్ స్టాక్ ముందు భాగం) కింద రైల్‌లో ఉండే హ్యాండ్ స్టాప్ స్వివెల్‌కి (తిరిగే కొక్కేనికి) తగిలిస్తారు. ముందు హ్యాండ్ స్టాప్ చోటు తేల్చుకోండి, తర్వాతే పొడవు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు. హ్యాండ్ స్టాప్‌ని మరీ ముందుకి జరిపితే ముంజేయి వాలిపోతుంది. ప్రోన్‌లో ముంజేయి నేలతో కనీసం 30 డిగ్రీలు ఉండాలన్నది రూలు, జడ్జీలు కొలుస్తారు కూడా. పొడవు సంగతి: కుడిచేత్తో కొంచెం సాయం చేస్తే బట్ (రైఫిల్ వెనక కొస) భుజంలో కూర్చోవాలి. కుస్తీ పట్టాల్సి వస్తే మరీ బిగువు, ఊరికే వచ్చి కూర్చుంటే వదులు. మార్చేటప్పుడు ఒక్కో రంధ్రమే మార్చండి.

కొనేటప్పుడు తోలుదా, సింథటిక్‌దా అంటే నా ఓటు సింథటిక్‌కే. తోలు చెమటకి, వానాకాలం తేమకి సాగుతుంది, నిన్నటి రంధ్రం ఇవాళ పనికిరాదు. వెడల్పు 40 మి.మీ. దాటకూడదు, అది చూసుకుని తీసుకోండి.

ఇప్పుడు మీరు ఏ రంధ్రంలో పెడుతున్నారు, రైల్ స్కేల్ మీద హ్యాండ్ స్టాప్ ఏ అంకె దగ్గరుంది, తిమ్మిరి బొటనవేలి వైపా చిటికెన వేలి వైపా రాయండి. పడుకున్నప్పుడు పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి పెడితే ఇంకా నయం.