అమ్మాయి మలావి పల్లెలో టీచరు, చూడ్డానికి వెళ్తున్నాం, వెంట తెచ్చేసుకోవాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. అమ్మాయి మ్యాథ్స్ డిగ్రీ అవగానే మాస్టర్స్‌కి వెళ్తుందనుకుంటే పీస్ కోర్‌లో (వాలంటీర్లని వేరే దేశాలకి పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ) చేరి ఆఫ్రికాలో మలావి అనే దేశంలో ఓ పల్లెటూరి సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్తోంది. ఏడాది అయింది, ఇంకో ఏడాది ఉంది. ఒకసారి వెళ్లి చూసి, నచ్చజెప్పి వెంట తీసుకొచ్చేద్దాం అంటున్నారు వాళ్ల నాన్న. మా నాన్నగారు గుంటూరు జిల్లాలో జడ్పీ హైస్కూల్ లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, 71 ఏళ్లు, ఆయన కూడా వస్తానంటున్నారు. రెజ్యూమేలో రెండేళ్లు గ్యాప్ అయిపోదా? ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి?

జవాబు: వెళ్లండమ్మా, తప్పకుండా వెళ్లండి. తీసుకొచ్చేయడానికైతే మాత్రం వద్దు, ఎందుకంటే సగంలో వదిలేస్తే నష్టం అమ్మాయికే, సెంటిమెంటుతో చెప్పట్లేదు, లెక్క చూసే చెప్తున్నా. పీస్ కోర్ సర్వీసు అంటే మూడు నెలల ట్రైనింగు, రెండేళ్ల పని, మొత్తం 27 నెలలు. అది పూర్తయితే చేతికి 10,000 డాలర్ల పైన రీఅడ్జస్ట్‌మెంట్ అలవెన్స్, అంటే తిరిగొచ్చాక నిలదొక్కుకోవడానికి ఇచ్చే డబ్బు, వస్తుంది, ఫెడరల్ ఉద్యోగాలకి ఏడాదిపాటు మామూలు పోటీ లేకుండా తీసుకునే వీలుంటుంది (ఈ మధ్య ఆ ఉద్యోగాలే బాగా తగ్గాయి కాబట్టి దీనిమీద మరీ ఆశ పెట్టుకోకండి), వీటన్నిటికన్నా పెద్దది కవర్డెల్ ఫెలోషిప్. 1985లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ల టీచర్స్ కాలేజీలో మొదలైన స్కీమ్ అది, ఇప్పుడు చాలా యూనివర్సిటీల్లో ఉంది, మాస్టర్స్ ఫీజులో మంచి తగ్గింపు ఇస్తారు, సర్వీసు పూర్తి చేసినవాళ్లు జీవితంలో ఎప్పుడైనా అప్లై చేసుకోవచ్చు. అంటే మీవారు ఏ మాస్టర్స్ కోసం తొందరపడుతున్నారో ఆ మాస్టర్సే ఇంకో ఏడాది ఆగితే తక్కువ ఖర్చులో అయ్యే ఛాన్స్ ఉంది.

గ్యాప్ సంగతి. సాఫ్ట్‌వేర్ వైపే వెళ్లాలనుకుంటే ఈ రెండేళ్లు కొంత దెబ్బే, కాదని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను, కోడింగ్ చేతిలోంచి జారిపోతుంది, తనతోపాటు చదివినవాళ్లు రెండు ప్రమోషన్లు ముందుంటారు, ఆ రూట్ అయితే ఆఖరి ఆర్నెల్లు రాత్రిపూట ప్రాక్టీస్ మొదలెట్టమనండి. అదే ఎడ్యుకేషన్, పబ్లిక్ హెల్త్, పాలసీ, స్టాటిస్టిక్స్ లాంటివైతే దీన్ని గ్యాప్ అని ఎవరూ అనరు. కాకపోతే "ఆఫ్రికాలో వాలంటీరుగా చేశాను" అని ఒక్క లైన్ రాసి వదిలేస్తే ఎవరూ పట్టించుకోరు, ఎంతమంది పిల్లలు, ఏ ఫారం (అక్కడ సెకండరీ క్లాసుని అలా అంటారు), వచ్చినప్పుడు ఎంతమంది పాసయ్యేవాళ్లు, ఇప్పుడెంతమంది, పుస్తకాలు లేకుండా ఏం చేసింది, ఇవన్నీ ఉండాలి. అక్కడున్నవాళ్లకి అదంతా రోజువారీ పనిలాగే కనిపిస్తుంది కాబట్టి రాసి పెట్టుకోరు.

అందుకే మీ నాన్నగారు రావడం నాకు భలే నచ్చింది. మలావి 1994లో ప్రైమరీ చదువు ఫ్రీ చేసింది, పిల్లలు ఒక్కసారిగా వచ్చిపడ్డారు, టీచర్లు గదులు ఆ లెక్కన పెరగలేదు, ఇప్పటికీ చిన్న క్లాసుల్లో వందమందికి పైగా కూర్చోవడం మామూలే. సెకండరీకొచ్చేసరికి చాలామంది రాలిపోతారు, మిగిలినవాళ్లకి పాఠాలు ఇంగ్లీషులో, ఫారం ఫోర్ చివర ఎమ్మెస్సీయీ అని పెద్ద పరీక్ష. సుద్దముక్క, బోర్డు తప్ప ఏమీ లేని గదిలో లెక్కలు చెప్పడమంటే ఏంటో మీకూ మీవారికీ కన్నా ఆయనకి ఎక్కువ తెలుస్తుంది. హెడ్‌మాస్టరు ఒప్పుకుంటే వెనక బెంచీలో కూర్చుని ఆయన్ని రెండు పీరియడ్లు చూడనివ్వండి, సాయంత్రం మనవరాలితో మాట్లాడనివ్వండి, ఆ కబుర్లలోంచే రెజ్యూమేకి సగం మేటర్ దొరుకుతుంది. మీవారు ఆ రెండు పీరియడ్లూ అక్కడే కూర్చుంటే ఇంకా మంచిది. భవిష్యత్తు గురించి మాట్లాడాలంటే తర్వాత లేక్ మలావి ఒడ్డున రెండ్రోజులుంటారు కదా, అక్కడ మాట్లాడుకోండి, ఊళ్లో మాత్రం వద్దు. అక్కడ తను టీచరమ్మ, పక్కింటివాళ్లు చూస్తుండగా అమ్మానాన్నలు గద్దిస్తే ఏం బావుంటుంది చెప్పండి.

ఎప్పుడంటే, జూన్ జూలైల్లో వెళ్లండి. చలిగా పొడిగా ఉంటుంది, మట్టిరోడ్లు బావుంటాయి. డిసెంబరు సెలవులు మీకు కుదురుతాయి గానీ అప్పుడు వానలు, మార్చి దాటేదాకా కొన్ని ఊళ్లకి కార్లు వెళ్లడమే కష్టం. వాలంటీర్లకి నెలకి రెండ్రోజుల చొప్పున లీవు జమవుతుంది, సర్వీసు ఆఖరి మూడు నెలల్లో మామూలుగా లీవు ఇవ్వరు, కాబట్టి మరీ చివరిదాకా ఆగకండి. స్కూలు ఉన్నప్పుడు దిగి క్లాసులు చూసి, తర్వాత తన లీవులో తిరగండి. రాజధాని లిలాంగ్వేలో డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోండి, చాలా దేశాల్లో పీస్ కోర్ వాళ్లకి మోటార్‌బైక్ వెనక కూర్చోవడం కూడా నిషేధం, "ఒక్కసారే కదా" అని బలవంతం చేస్తే తన సర్వీసుకే ఎసరు.

మందుల విషయం బద్ధకించకండి. ఇండియాలో పెరిగాం మాకేం కాదు అనుకుంటారు మనవాళ్లు, మలేరియాకి అదేం అడ్డురాదు, బయల్దేరకముందే డాక్టరు రాసిన నివారణ మాత్రలు మొదలెట్టాలి, తిరిగొచ్చాక కూడా చెప్పినన్ని రోజులు వేసుకోవాలి, దోమతెర కింద పడుకోవాలి. నాన్నగారు హైదరాబాద్ నుంచి ఇథియోపియాలోని అడిస్ అబాబా మీదుగా వస్తే, అది ఎల్లో ఫీవర్ ఉన్న దేశం కాబట్టి ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు ఆ టీకా వేయించుకున్న కార్డు అడగొచ్చు, టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో వేస్తారు, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. కానీ 60 దాటినవాళ్లకి ఆ టీకాతో రిస్కు ఎక్కువ, డాక్టర్ని అడక్కుండా వేయించకండి. జొహానెస్‌బర్గ్ మీదుగా టికెట్ చూస్తే చాలావరకు ఈ తలనొప్పి ఉండదు.

సూట్‌కేసు నిండా కందిపప్పు మోసుకెళ్లొద్దు. నవ్వకండి, కందులు అక్కడి పంటే, నందోలో అంటారు, ఏటా 50,000 టన్నులు కొంటామని 2021లో మన ప్రభుత్వం మలావితో ఒప్పందం కూడా చేసుకుంది, మన పటాన్‌చెరులో మెట్టపంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ వాళ్లు అక్కడి కంది రకాల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. లిలాంగ్వే ఓల్డ్ టౌన్‌లో గుజరాతీల షాపుల్లో మసాలాలు దొరుకుతాయి. ఊళ్లో రోజూ తినేది న్సిమా, మొక్కజొన్న పిండితో చేసిన తెల్లటి సంకటి అనుకోండి, పక్కన వేరుశనగపొడి వేసి వండిన గుమ్మడాకు కూర. చుట్టాలొస్తే కోడిని కోస్తారు, మీరు శాకాహారులైతే అమ్మాయితో ముందే చెప్పించండి, వడ్డించాక వద్దంటే వాళ్లకి చాలా కష్టంగా ఉంటుంది.

దిగగానే ఊరి పెద్దని కలవాలి, మ్ఫూము అంటారు, పంచదార, సబ్బులు లాంటివి తీసుకెళ్తే సరిపోతుంది. పిల్లలకి డబ్బులు, చాక్లెట్లు పంచకండి, మీరు వెళ్లిపోయాక ఏడాదిపాటు అందరూ అమ్మాయినే అడుగుతారు. స్కూలుకేమైనా ఇవ్వాలనుంటే హెడ్‌మాస్టరుని అడిగి ఇవ్వండి, ఆయన జామెట్రీ బాక్సులు అంటే అవే, మీరేమో ఇక్కణ్ణుంచి లాప్‌టాప్‌లు మోసుకెళ్తే కరెంటు లేక మూలపడతాయి. మీకు మోకాళ్ల కిందిదాకా కప్పే బట్టలు చాలు, అక్కడికెళ్లాక ఎలాగూ ఎవరో ఒకరు చితెంజె, అంటే అక్కడి ఆడవాళ్లు నడుముకి చుట్టుకునే గుడ్డ, చుడతారు.

టికెట్లు కొనేముందు తేదీలు అమ్మాయికి పంపి, తన ఆఫీసు నుంచి లీవు ఓకే అయిందాకా ఆగండి. మీవారి సంగతేమో, వెళ్లొచ్చాక కూడా ఇదే మాట మీదుంటే అప్పుడు అమ్మాయిని కూడా కూర్చోబెట్టి ముగ్గురూ కలిసి రాయండి, చూద్దాం.