పైథాన్‌లో డూ-వైల్ అడిగే ముందు కంటిన్యూ సంగతి చూడండి

జావా నుంచి పైథాన్‌కి మారిన బెంగళూరు టీమ్, డూ-వైల్ (ముందు ఒకసారి నడిచి, ఆపైన కిందున్న షరతు చూసే లూప్) లేక విసుగు, భాషలో చేర్చమని ప్రతిపాదన పెట్టాలంటే ఏం చేయాలి. ఇదీ మీ ప్రశ్న. పెట్టొచ్చండీ. కాకపోతే "మిగతా భాషల్లో ఉంది కాబట్టి" అంటూ మాత్రం వెళ్ళకండి. 2003లో పెప్ 315 (పెప్ అంటే పైథాన్‌లో మార్పు కోరే ప్రతిపాదన పత్రం) ఇలాంటిదే అడిగింది. పదేళ్ళు నానబెట్టి 2013లో కొట్టేశారు. వైల్ ట్రూ (దానంతటది ఆగని లూప్) రాసుకుని చివర్లో బ్రేక్ (లూప్‌ని ఆపేది) పెట్టుకోండి అన్నది ఎప్పుడూ వినిపించే జవాబే.

ఆ జవాబుకి ఒక చిల్లుంది. మీ బలమంతా అక్కడే. బీఎంటీసీ (బెంగళూరు సిటీ బస్సుల సంస్థ) రూట్లని పేజీలవారీగా తెచ్చే కోడ్ అనుకోండి. వైల్ ట్రూ కింద పేజీ తేవడం, నంబరు ఒకటి పెంచడం, మెజెస్టిక్ బస్టాండు మీదుగా వెళ్ళే బస్సు ఆ పేజీలో లేకపోతే కంటిన్యూ, ఉంటే ప్రింట్, అట్టడుగున "ఇంక పేజీల్లేకపోతే బ్రేక్". చివరి పేజీలో మెజెస్టిక్ బస్సు లేదా, అయిపోయింది. కంటిన్యూ నేరుగా పైకి పోతుంది, అడుగునున్న బ్రేక్ ముఖం కూడా చూడదు. ఆపైన వచ్చేవన్నీ ఖాళీ పేజీలే, ప్రతిదానికీ మళ్ళీ కంటిన్యూ. టెస్ట్ డేటాలో చివరి పేజీలో ఒక్క మెజెస్టిక్ బస్సున్నా ఇది బయటపడదు. సీలో, జావాలో డూ-వైల్‌లోని కంటిన్యూ కిందున్న షరతు దగ్గరికే వెళ్తుంది. అందుకే జావా కోడ్‌ని వరసకి వరస మార్చి రాసినా అర్థం మారిపోతుంది. ప్రతిపాదన మొదటి పేరాలో ఇదే ఉండాలి, టైపింగ్ తగ్గుతుందన్న మాట కాదు.

తర్వాత లెక్క తీయండి. కోడ్‌ని నోడ్ల చెట్టుగా విడదీసే ఏఎస్టీ మాడ్యూల్‌తో స్టాండర్డ్ లైబ్రరీ అంతా చదివించి, షరతు ట్రూగా ఉన్న వైల్ నోడ్లు పట్టుకోండి. పాత కోడ్‌లో వైల్ 1 అని కూడా రాస్తారు, ట్రూ ఒక్కటే వెతికితే అవి జారిపోతాయి. బాడీలో చివరి వాక్యం ఇఫ్ అయి, దానిలో బ్రేక్ ఉన్నవే మీకు పనికొచ్చేవి. బ్రేక్ మధ్యలో ఉన్నవాటికి డూ-వైల్ ఏమీ చేయదు. వాటిలో చాలావాటికి పైథాన్ 3.8లో వచ్చిన వాల్‌రస్ (షరతులోనే పేరుకి విలువ ఇచ్చే గుర్తు) చాలు.

ఇక అసలు ఇరుకు "డూ" అనే పదం. గట్టి కీవర్డ్ (ఇంకెక్కడా పేరుగా వాడలేని పదం) చేస్తే ఆ పేరుతో వేరియబుల్ ఉన్న ప్రతి కోడూ విరుగుతుంది. 3.7లో ఎసింక్‌ని కీవర్డ్ చేసినప్పుడు, అదే పేరుతో ఆర్గ్యుమెంట్ పెట్టుకున్న లైబ్రరీలకి జరిగిందదే. 3.10లో మ్యాచ్‌కి చేసినట్టు సాఫ్ట్ కీవర్డ్ (దాని చోట మాత్రమే కీవర్డ్, మిగతా చోట్ల మామూలు పేరు) చేద్దామంటే ఇంకో తిరకాసు. డూ, కోలన్, అదే వరసలో ఒక ఎక్స్‌ప్రెషన్ రాస్తే పైథాన్ ఈరోజే ఒప్పుకుంటుంది, అది టైప్ యానొటేషన్ (వేరియబుల్ పక్కన దాని రకం రాయడం). కాబట్టి బాడీని అదే వరసలో రాయకూడదని మీ గ్రామర్ కచ్చితంగా చెప్పాలి. పైథాన్ గ్రామర్ ఉండే పైథాన్.గ్రామ్ ఫైల్లో సింగిల్ కోట్స్‌లో పెడితే గట్టి కీవర్డ్, డబుల్ కోట్స్‌లో పెడితే సాఫ్ట్. మార్చాక, పార్సర్ (కోడ్‌ని చదివి విడదీసే భాగం) మళ్ళీ తయారవడానికి మేక్ రీజెన్-పెజెన్ నడపాలి. కొత్త నోడ్ కావాలంటే పైథాన్.ఏఎస్‌డీఎల్ కూడా మార్చి మేక్ రీజెన్-ఏఎస్టీ.

ఎల్స్ సంగతి కూడా తేల్చుకోవాలి, వైల్‌కి ఉంది కాబట్టి దీనికీ అడుగుతారు. నన్నడిగితే లూప్‌కి ఎల్స్ అని పేరు పెట్టడమే తప్పు. బ్రేక్ తగలకుండా లూప్ అయిపోతే నడిచేదానికి ఎల్స్ ఏమిటి? 

లూప్‌లో మార్పు ఎలా నెగ్గుతుందో చూడాలంటే, గో భాష వాళ్ళు 2024 ఫిబ్రవరిలో 1.22తో లూప్ వేరియబుల్ అర్థాన్నే మార్చేశారు, ప్రతి తిరుగుడికీ కొత్త వేరియబుల్. అది నెగ్గిందంటే కారణం అందం కాదు. క్లోజర్లలో (బయటి వేరియబుల్‌ని పట్టుకుని ఉండే ఫంక్షన్లలో) అందరూ పడే గొయ్యిని పూడ్చింది, పైగా గో.మాడ్‌లో (ప్రాజెక్టు వాడే గో వెర్షన్ రాసే ఫైల్లో) పాత వెర్షన్ రాసుకున్నవాళ్ళ కోడ్‌ని ముట్టుకోలేదు.

మీరు కోర్ డెవలపర్ (పైథాన్ కోడ్‌ని నేరుగా మార్చే హక్కున్నవారు) కాకపోతే ఒక కోర్ డెవలపర్ స్పాన్సర్‌గా ఉండాలి, ఆఖరి మాట పైథాన్‌ని నడిపే అయిదుగురి స్టీరింగ్ కౌన్సిల్‌ది. స్పాన్సర్ని వెతికే ముందు పైన చెప్పిన లెక్క, నడిచే పార్సర్ రెండూ చేతిలో పెట్టుకోండి.