దుఃఖంలో ఉన్నవారికి కీర్తనలు, వాక్యం ఆనందాన్ని ఎలా ఇస్తాయి?

మనసు క్రుంగినప్పుడు స్తుతి పాడటం నటన అవుతుందేమోనని చాలామంది విశ్వాసులు సందేహిస్తారు. బైబిలు చెప్పే ఆనందానికి ఆధారం దేవుని నమ్మకత్వమే గనుక అది నటన కాదు. 42వ కీర్తనలో, రాత్రింబగళ్లు కన్నీళ్లే తనకు అన్నపానాలయ్యాయని మొరపెట్టుకొన్న భక్తుడు, ఆ దుఃఖాన్ని దాచకుండానే, ‘నా ప్రాణమా, నీవు ఏల క్రుంగియున్నావు?’ అని తన్ను తానే ప్రశ్నించుకొని, దేవునియందు నిరీక్షణ ఉంచమని తనకే బోధించుకొంటాడు. 43వ కీర్తన ముగిసేలోగా ఆ పల్లవి మూడుసార్లు వస్తుంది. ఒక్కసారి చెబితే మనసు వినదు, అందుకే పాట అవసరమని నా అభిప్రాయం. ఫిలిప్పీ చెరసాలలో దెబ్బలు తిని, కాళ్లకు బొండ (ఖైదీల కాళ్లను బంధించే కొయ్య) బిగించబడిన సువార్తికులు పౌలు, సీలలు మధ్యరాత్రి పాడింది విడుదలకు ముందే. కాబట్టి వాక్యభాగాన్ని నిదానంగా చదివి, అదే భావమున్న కీర్తనను, గొంతు పెగలకపోతే పెదవులతోనైనా, పాడుకోండి.