కుక్క చనిపోయింది సరే, విషంతోనే చనిపోయిందనడానికి రుజువేదీ?

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. ఆరేళ్లుగా మా ఇంట్లో పెరిగిన కుక్కను పక్కింటాయన విషం పెట్టి చంపాడు. 'దీని సంగతి తేలుస్తా' అని అంతకు ముందే నలుగురి ఎదుటా బెదిరించాడు. ఆ రాత్రి ఆయన మా ప్రహరీ మీదుగా పొట్లం విసరడం ఎదురింటి సీసీ కెమెరాలో కనిపించింది. దుఃఖంలో మర్నాడే పెరట్లో పూడ్చిపెట్టాం. రెండు నెలలు దాటింది. తెలిసిన పశువైద్యుడు విషప్రయోగమేనని పాత తేదీతో సర్టిఫికెట్ ఇస్తానంటున్నారు. పక్కింటాయనకు జైలుశిక్ష పడుతుందా? - ఒక పాఠకురాలు

జవాబు: బెదిరింపు, పొట్లం రెండూ నిజమే కావచ్చు. కానీ కేసు నిలిచేదీ వీగేదీ ఒక్క అంశం మీదనే: ఆ కుక్క మరణానికి కారణం విషమని ఎవరు తేల్చారు? పోస్టుమార్టం జరగలేదు. పందికొక్కుల కోసం మందు పెట్టుకున్నాననో, కుక్క జబ్బుతో పోయిందనో ఎదుటి పక్షం అంటే, దాన్ని కాదనడానికి ఈ రోజున మీ దగ్గర కాగితం ముక్క లేదు. పూడ్చేముందు పోలీసులకు ఒక్క ఫోన్ చేసి, ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకువెళ్లి ఉంటే ఈ చిక్కే వచ్చేది కాదు. సీసీ కెమెరా దృశ్యాన్ని కాపీ చేసుకున్నారో లేదో కూడా మీరు రాయలేదు. పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుందని తెలిసీ రెండు నెలలు ఊరుకోవడం క్షమించరాని అలసత్వం.

ఇక ఆ సర్టిఫికెట్ ఆలోచన తక్షణం మానుకోండి. శవాన్ని చూడని వైద్యుడు పాత తేదీ వేసి ఇచ్చే కాగితం కోర్టులో దొంగ సాక్ష్యమవుతుంది. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) సెక్షన్ 229 కింద దానికి ఏడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. పక్కింటాయన బయటపడి, మీరూ ఆ వైద్యుడూ ముద్దాయిలవుతారు.

చట్టం మాటకొస్తే, జంతు హింస నిరోధక చట్టం, 1960, సెక్షన్ 11 కింద మొదటి నేరానికి జరిమానా ఈనాటికీ 10 నుంచి 50 రూపాయలే (ఆ డబ్బుకు మంచి టిఫిను కూడా రాదు). పైగా సెక్షన్ 36 ప్రకారం, నేరం జరిగిన మూడు నెలలు దాటాక ఆ చట్టం కింద ప్రాసిక్యూషన్ మొదలుపెట్టడానికి వీల్లేదు. మీకు మిగిలినది నెలలోపే. జైలుశిక్షకు అసలు ఆధారం న్యాయ సంహిత సెక్షన్ 325. జంతువును చంపడం, విషం పెట్టడం ద్వారా ఇతరులకు నష్టం కలిగిస్తే ఐదేళ్ల వరకు శిక్ష, జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. దీనికి మూడు నెలల గడువు వర్తించదు. అయితే ఆ నష్టం మీకు జరిగిందని చూపాలి గనుక, కుక్క మీదేనని తెలిపే యాంటీ రేబిస్ టీకా కార్డు, వైద్యం బిల్లులు, ఫొటోలు వెతికి భద్రపరచండి.

ఈ వారంలోనే స్టేషనులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, పోలీసుల సమక్షంలో ప్రభుత్వ పశువైద్యుడి చేత కళేబరాన్ని వెలికితీయించి, నమూనాలను ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపాలని అందులోనే కోరండి. మీరు స్వయంగా తవ్వవద్దు. ఇంత కాలం తర్వాత కొన్ని విషాల జాడ దొరకవచ్చు, కొన్నిటిది దొరకకపోవచ్చు. అయినా అడగకుండా వదలకూడదు. దృశ్యం ఇంకా ఉంటే, ఎదురింటివారి నుంచి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రంతో సహా తీసుకోవాలి. బెదిరింపు విన్నవారి పేర్లు ఫిర్యాదులో రాయండి. స్టేషనులో తీసుకోకపోతే అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో పోలీస్ కమిషనరుకు పంపండి. అక్కడా కదలిక లేకపోతే, మూడు నెలల గడువు ముగిసేలోగా న్యాయవాది ద్వారా మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు దాఖలు చేయించండి.