చిట్టికి, కెమెరా ముందు కూర్చోబోయే ముందు

చిట్టీ,

నీకు ఆన్‌లైన్ నోటరీ కమిషన్, అంటే వీడియోలో మనిషిని చూస్తూ సంతకానికి ముద్ర వేసే ప్రభుత్వ అనుమతి, వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. మామూలు నోటరీగా రెండేళ్లు చేశావు కాబట్టి ముద్ర, సర్టిఫికెట్ సంగతులు నీకు చెప్పక్కర్లేదు. సంతకం పెట్టే మనిషి ఎవరో తేల్చుకోవడం ఒక్కటే రాస్తాను. మన టెక్సాస్‌లో ఆన్‌లైన్ నోటరీ పని 2018 జులైలో మొదలైంది. నేను అందులోకి దిగాక ఎక్కువ టెన్షన్ పడింది ఆ మనిషిని తేల్చుకోవడం గురించే.

సాఫ్ట్‌వేర్ రెండు పనులు చేసిపెడుతుంది. డ్రైవింగ్ లైసెన్సు ఫొటో తీసుకుని అది అసలుదో నకిలీదో చూస్తుంది. తర్వాత ప్రశ్నలు వేస్తుంది: పాత అడ్రస్ ఏది, ఫలానా ఏడాది ఏ కారు మీ పేరున ఉంది, ఇలాంటివి. కనీసం ఐదు ప్రశ్నలు, రెండు నిమిషాలు, 80 శాతం సరిగ్గా చెప్పాలి. తప్పితే 24 గంటల్లోపు ఇంకొక్కసారే అవకాశం. ఆ ప్రశ్నలు నీకు కనపడవు, పాసా ఫెయిలా అన్నదే కనపడుతుంది.

ఇక్కడే కొత్తవాళ్లు మోసపోతారు. ఆకుపచ్చ టిక్ రాగానే పని అయిపోయిందనుకుంటారు. ఆ ప్రశ్నలకు జవాబులు బయటి దొంగకంటే ఇంట్లోవాళ్లకే బాగా తెలుసమ్మా. భార్య పాత అడ్రస్ భర్తకు తెలియదా? తల్లి లోను ఏ బ్యాంకులో ఉందో కొడుక్కి తెలియదా? లైసెన్సు ఎలాగూ బీరువాలోనే ఉంటుంది. అందుకే నాకు హ్యాకర్లకంటే పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ల భయమే ఎక్కువ.

ఒకసారి ఒక పెద్దావిడ వచ్చారు. లైసెన్సు సరిపోయింది, ప్రశ్నలు పాసయ్యారు, మొహమూ ఆవిడదే. కానీ నేను ఏది అడిగినా ముందు కుడిపక్కకి చూసి, తర్వాత చెప్తున్నారు. "గదిలో ఇంకెవరున్నారండీ?" అన్నాను. ఎవరూ లేరన్నారు. ల్యాప్‌టాప్ ఒకసారి చుట్టూ తిప్పమంటే కొడుకు కనపడ్డాడు. అతన్ని బయటికి వెళ్లమని, ఆవిడను తెలుగులోనే అడిగాను: "ఈ కాగితం దేనికి?" "బ్యాంకుదటమ్మా, వాడు చెప్పాడు." అది ఆవిడ ఇల్లు కొడుకు పేరున రాసిచ్చే దస్తావేజు. అక్కడితో ఆపేశాను. పని పంపినవాళ్లు మర్నాడు ఫోన్ చేసి నానా మాటలూ అన్నారు. అననీ. 25 డాలర్ల ఫీజు కోసం ఆ సంతకానికి ముద్ర వేస్తానా?

కాబట్టి టిక్ వచ్చాక నీ పని మొదలవుతుందనుకో. లైసెన్సు కెమెరాకి చూపించి అటూ ఇటూ వంచమను, హోలోగ్రామ్ మెరవాలి. తల పక్కకి తిప్పమను, చెయ్యి మొహం ముందు నుంచి పోనివ్వమను. ఈ మధ్య కంప్యూటర్‌తో తయారుచేసే మొహాలు అక్కడ చెదురుతాయి. అన్నిసార్లూ చెదురుతాయని మాత్రం నమ్మకు. అప్పు లేని ఖాళీ స్థలం అమ్ముతున్నారంటే, పైగా తొందర పెడుతున్నారంటే, ఇంకో పది నిమిషాలు ఎక్కువ కూర్చో. యజమాని ఎక్కడో ఉంటాడు, వాడి పేరుతో ఇంకొకడు అమ్మేసే మోసాలు ఇలాంటి స్థలాలతోనే జరుగుతాయి.

అడిగేటప్పుడు జవాబు నువ్వే అందించకు. మొదట్లో నేను "మీ పుట్టిన తేదీ ఫలానా కదండీ?" అని అడిగేదాన్ని. ఒకరోజు నా రికార్డింగ్ నేనే చూసుకుంటే సిగ్గేసింది. ఎదుటి మనిషి సెషన్ మొత్తంలో అవునండీ తప్ప ఇంకో మాట అనలేదు! "మీ పుట్టిన తేదీ చెప్పండి" అని ఆగు. మౌనంగా ఉండటం కష్టమే, అయినా ఆగు.

మనవాళ్ల పేర్లు ఇంకో తలనొప్పి. లైసెన్సులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కాగితంలో పొడి అక్షరం ఉంటుంది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో వచ్చినవాళ్లకు వీసా మీద ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. పేరు తెలియదని దాని అర్థం! అది కొందరి లైసెన్సుల్లోకీ ఎక్కింది. నేను పాటించే పద్ధతి ఇది: లైసెన్సులో ఉన్నదానికంటే కాగితంలో తక్కువ ఉంటే ఫరవాలేదు, ఎక్కువ ఉంటే ఒప్పుకోను.

నోటరీకి స్వయంగా తెలిసిన మనిషైతే ఈ పరీక్షలు అక్కర్లేదని చట్టంలో ఉంది. గుళ్లో రెండుసార్లు ప్రసాదం అందించినవాళ్లు అందులోకి రారు. "మనవాళ్లే కదమ్మా" అన్న మాట వినపడితే ఇంకాస్త జాగ్రత్త పడు.

పిల్లల్ని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు ఇక్కడ సోషల్ సెక్యూరిటీ నంబరు, క్రెడిట్ చరిత్ర ఉండవు కాబట్టి వాటి నుంచి సాఫ్ట్‌వేర్ తయారుచేసే ప్రశ్నలే పుట్టవు. వాళ్లు ఫెయిలైతే దొంగలని కాదు. దగ్గరిదారి వెతక్కుండా మర్యాదగా చెప్పి పంపించు. ఊళ్లో ఆస్తి గురించి జీపీఏ (తమ తరఫున పని చెయ్యమని ఇంకొకరికి రాసిచ్చే అధికారపత్రం) అయితే హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌లో అడగమను. అది ఇండియాకి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలని కూడా గుర్తుచెయ్యి, చాలామంది మర్చిపోతారు.

మధ్యలో ఆపేసిన సెషన్లు కూడా రిజిస్టర్‌లో రాసుకో, ఎందుకు ఆపావో ఒక్క వాక్యం చాలు. నా రిజిస్టర్‌లో ఒక పేజీ పేర్లు కొట్టేసి ఫొటో తీసి పంపుతాను. మొదటి సెషన్ ముందు రోజు రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్ చెయ్యి. నేను సంతకం పెట్టేదానిలా నటిస్తాను, మీ పెదనాన్నను పక్కన దాచిపెట్టి. నువ్వు కనిపెడతావో లేదో చూద్దాం.

నీ పెద్దమ్మ