పగడం పక్కన మొలిచిన గోధుమరంగు గొట్టాలేంటి?

ప్రశ్న: సార్, మా ఉప్పునీటి అక్వేరియంలో పగడం మొదలు దగ్గర గోధుమరంగు గొట్టాల్లాంటివి మొలుస్తున్నాయి. చివర సన్నటి మీసాలు, తాకితే చటుక్కున ముడుచుకుంటాయి. ఒకటి గోకేస్తే కొన్నాళ్లకి నాలుగయ్యాయి, ఒకటే టెన్షన్!
– ఓ పాఠకుడు, విజయనగరం

జవాబు: గోకారా? అక్కడే దెబ్బతిన్నారు. మీరు చెప్పినదాన్ని బట్టి అవి ఐప్టేసియా అనే ఎనిమోన్లు (పువ్వులా కనిపించే సముద్రజీవులు), చిన్న ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తాయి, పక్కనున్న పగడాన్ని కుడతాయి కూడా. అక్వేరియం కోసం అమ్మే కాల్షియం హైడ్రాక్సైడ్ (అదీ సున్నమే, కానీ కిళ్లీకొట్టులోది వాడకండి!) ముద్దగా కలిపి, గ్లవ్స్ వేసుకుని, పంపు ఆపి, సిరంజితో దాని నోటి మీద వేయండి. రోజుకు రెండు మూడిటికే, అన్నిటికీ ఒకేసారి వేస్తే నీటి పీహెచ్ పెరిగిపోతుంది. పెప్పర్‌మింట్ రొయ్యలూ వీటిని తింటాయి, కాకపోతే అన్ని రొయ్యలకీ ఆ బుద్ధి పుట్టదు. గొట్టం గట్టిగా తెల్లగా ఉంటే మాత్రం అది ట్యూబ్ పురుగు కావచ్చు, దాని జోలికి పోకండి.