మూసీ ఒడ్డున పని చేస్తానంటోంది, ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. కంప్యూటర్ సైన్స్ వద్దట. మూసీ ఒడ్డున నడకదారులు, పార్కులు తీర్చిదిద్దే పని చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. దానికి చదువంటూ ఉందా? ఉద్యోగం దొరుకుతుందా? మాకు టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి, మలక్‌పేట)

జవాబు: చదువుంది. అయితే ఇది ఒక్క కోర్సుతో తేలే పని కాదు. ముందు ఆ పని ఏమిటో అమ్మాయికి తెలియాలి.

నది ఒడ్డు అనగానే అందరికీ చెట్లు, బెంచీలు, లైట్లు గుర్తొస్తాయి. నిజానికి అవన్నీ ఆఖర్న వచ్చేవి. మొదటి తలనొప్పి మురుగు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీలో, హైదరాబాద్ నగరానికి వచ్చేసరికి ఎండాకాలం పారేది చాలావరకు నాలాల నీరే. ఆ కంపు పక్కన ఎంత మంచి దారి వేసినా ఎవరు నడుస్తారు? రెండోది వరద. 1908 వరద తర్వాతే విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. వాటి గేట్లు ఎత్తినప్పుడల్లా మూసారాంబాగ్ పాత వంతెన ఎలా మునిగేదో మలక్‌పేట వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మూడోది ఒడ్డున ఇళ్లు కట్టుకుని ఏళ్లుగా బతుకుతున్న జనం. ఈ మూడూ తేల్చకుండా గీసిన బొమ్మ ఎంత బాగున్నా బొమ్మే.

సియోల్‌లో ఫ్లైఓవర్ కూల్చేసి, 2005లో చెంగ్యేచాన్ వాగును మళ్లీ జనానికి తెరిచారు. అందరూ దాని ఫొటోలే చూపిస్తారు. అక్కడి నీళ్లు ఎక్కువగా హాన్ నది నుంచి పంపులతో తోడి వదిలేవని మాత్రం చెప్పరు. అహ్మదాబాద్ సబర్మతిలో కనిపించేవీ నర్మదా కాలువ నీళ్లే. ఇది వినగానే మీ అమ్మాయి "మరి మూసీకి నీళ్లెక్కడివి?" అని అడిగితే సివిల్ ఇంజినీరింగ్ వైపు పంపండి. "ఇళ్లు పోయినవాళ్లు ఎక్కడికెళ్తారు?" అంటే ప్లానింగ్, అంటే పట్టణ ప్రణాళిక. ఆ మెట్లు, ఆ నీడ ఎలా కుదిర్చారో చూస్తూ ఉండిపోతే ఆర్కిటెక్చర్.

ఇప్పుడు అసలు సంగతి. ఒడ్డును డిజైన్ చేసేది ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులు. మన దేశంలో ఆ చదువు ఎక్కువగా పీజీలోనే ఉంది, దానికి సాధారణంగా ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ, బీఆర్క్ అడుగుతారు. అంటే సివిల్ చేసి తర్వాత అటు మళ్లుదామంటే కష్టం. అదే పట్టణ ప్రణాళికలో పీజీకైతే సివిల్ వాళ్లనూ తీసుకుంటారు. ప్లానింగ్‌లో డిగ్రీ, బీప్లానింగ్ నాలుగేళ్లు. మాసాబ్ ట్యాంక్ దగ్గరి ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో, విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్పీఏ)లో బీఆర్క్, ప్లానింగ్ డిగ్రీ రెండూ ఉన్నాయి. నా మాట అడిగితే, బొమ్మలు వేయడం మీద నిజమైన ఇష్టం ఉంటే బీఆర్క్, లేకపోతే సివిల్ చేసి ఆపైన ప్లానింగ్. ఇంట్లో ఆర్థికంగా ఇబ్బంది ఉంటే ఈ రెండోదే నయం, మధ్యలో మనసు మారినా చేతిలో ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటుంది.

ఉద్యోగం విషయానికొస్తే, మొదట్లో సాఫ్ట్‌వేర్ జీతాలు రావు, ఆశపడకండి. మూసీ అభివృద్ధికి 2017 నుంచి ప్రత్యేక కార్పొరేషనే ఉంది, కానీ ఒక్క ప్రాజెక్టును నమ్ముకుని ఎవరూ చదవకూడదు. బడ్జెట్లు మారతాయి, ప్రభుత్వాలూ మారతాయి. చెరువులు, నాలాలు, ఫుట్‌పాత్‌లు ఎక్కడికీ పోవు. నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ, జలమండలి, మున్సిపాలిటీలు, వాటికి పనిచేసే కన్సల్టెన్సీలు, అన్నింటికీ ఈ మనుషులు కావాలి. జీఐఎస్ మ్యాపింగ్ (కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేయడం) నేర్చుకున్నవాళ్లను ముందు పిలుస్తారు.

ఒక ఆదివారం అమ్మాయిని చాదర్‌ఘాట్ నుంచి మూసారాంబాగ్ దాకా తీసుకెళ్లండి. నాలాలు ఎక్కడ కలుస్తున్నాయో, ఒడ్డుకు దిగే దారి ఎక్కడుందో, దగ్గరి బస్టాప్ ఎంత దూరమో కాగితం మీద గీయమనండి. ముక్కు మూసుకుని గంటలో ఇంటికి పోదామంటే మళ్లీ మాట్లాడుకుందాం.

జేఈఈ మెయిన్ దరఖాస్తులో బీటెక్‌కు పేపర్ 1, బీఆర్క్‌కు 2ఏ, బీప్లానింగ్‌కు 2బీ. ఒక్క పేపర్ 1 ఎంచుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. మూడూ పెట్టించండి. బీఆర్క్‌కు విడిగా ఉండే ప్రవేశ పరీక్ష నాటా కూడా రాయిస్తే మంచిది.